ఆషాఢంలో స్టార్ట్ మెనూ సర్దుడు

ఆదివారం

ఆషాఢం మొదలైంది. బాబాయి డీటీపీ సెంటరులో పెళ్లి పత్రికల పని ఆగిపోయింది. శ్రావణం వచ్చేదాకా ముహూర్తాలు లేవు కనుక మిషన్ల ముందు జనం కూడా లేరు. ఈ సందులోనే మొదటి మిషను స్టార్ట్ మెనూ బాగుచేసి పెట్టమని బాబాయి అడిగాడు. శ్రావణంలో ఆ మిషను మీద నన్ను చెయ్యి కూడా వెయ్యనివ్వరు.

మిషను పాతది. విండోస్ 7, 32 బిట్. విండోస్ 7కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి కనుక దీనికి ఇంటర్నెట్ ఇవ్వలేదు. పక్కనున్న రెండో మిషనుతో మాత్రం వైరుతో కలిపి ఉంది. మెయిళ్లు, వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు రెండో మిషనులో దిగుతాయి. షేర్ చేసిన ఫోల్డర్ల నుంచి ఇటు తీసుకుంటారు. ఇంత తంటా పడి పాత మిషనును ఉంచుకోవడానికి కారణం అచ్చు పేజీలు కూర్చే పేజ్‌మేకర్. ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వెళ్లింది. 2001లో 7.0 వచ్చింది, ఆ తరువాత చిన్న సవరణలే తప్ప కొత్త వెర్షన్ లేదు. అయినా తెలుగు డీటీపీ సెంటర్లలో అది ఇంకా తెరుచుకుంటూనే ఉంది. ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకాలు, కరపత్రాలు, గుళ్ల వార్షికోత్సవ సంచికలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని ఏ మిషనులోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తుల దగ్గర నుంచి ప్రూఫు మళ్లీ చూసుకోవాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

స్టార్ట్ నొక్కి ‘ఆల్ ప్రోగ్రామ్స్’లోకి వెళ్తే ఎడమవైపు సన్నటి పట్టీలో జాబితా వస్తుంది. విడి షార్ట్‌కట్లు పైన, ఫోల్డర్లు కింద. ఒక ఫోల్డరులో ఇంకో ఫోల్డరు, దానిలో మరొకటి. ఏమున్నాయో మొదటిసారి చివరిదాకా చదివాను. మూడు పీడీఎఫ్ రీడర్లు, రెండు జిప్ సాఫ్ట్‌వేర్లు, ఎప్పుడో వాడి పారేసిన ఇంటర్నెట్ డేటా కార్డు, ఇప్పుడు ఎవరి దగ్గరా లేని ఫోన్ల సాఫ్ట్‌వేర్, గడువు తీరిన యాంటీవైరస్ ట్రయల్, జాతకచక్రం వేసే సాఫ్ట్‌వేర్, సెలవుల్లో పిల్లలెవరో ఎక్కించిన కారు పందేల ఆట. ప్రతి ఫోల్డరులోనూ అసలు ప్రోగ్రాము వెనక ‘రీడ్‌మీ’, ‘హెల్ప్’, ‘వెబ్‌సైట్’, ‘అన్‌ఇన్‌స్టాల్’ అని పెద్ద తోక. జాతకం ఫోల్డరులోనైతే ప్రోగ్రాము తెరిచే షార్ట్‌కట్‌కు సరిగ్గా కింది వరుసలో అన్‌ఇన్‌స్టాల్ ఉంది. కస్టమరు పక్కన నిలబడి తొందరపెడుతుంటే మౌసు ఒక్క వరుస జారడానికి ఎంతసేపు?

ఈ తోకల అలవాటు విండోస్ 3.1 నాటిది. అప్పట్లో ప్రోగ్రామ్ మేనేజర్ అనే కిటికీలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో గ్రూపు ఉండేది. దానికి సంబంధించిన ఐకాన్లన్నీ ఆ గ్రూపులో పడేసేవారు. 1995 ఆగస్టులో విండోస్ 95తో స్టార్ట్ బటన్ వచ్చాక ఆ గ్రూపులే మెనూలో ఫోల్డర్లయ్యాయి. రీడ్‌మీలూ అన్‌ఇన్‌స్టాల్‌లూ మెనూలో పెట్టవద్దని మైక్రోసాఫ్ట్ తరువాతి కాలంలో సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు చెప్పింది. చాలామంది చెవిన పెట్టలేదని ఈ మెనూ చూస్తేనే తెలుస్తోంది.

చేయవలసినవి రెండు. ఒకటి, మెనూ సర్దడం. రెండోది కంపోజింగ్ చేసే అక్క చెప్పింది. ఆవిడ ఈ సెంటరు తెరిచిన దగ్గర నుంచీ ఇక్కడే పనిచేస్తోంది. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఐకాన్లు కొన్ని వాటంతట అవే మాయమవుతున్నాయట. “మళ్లీ పెట్టుకుంటాను, వారం తిరక్కుండా పోతాయి. రాత్రిపూట ఎవరో వచ్చి తీసేస్తున్నారేమో తమ్ముడూ” అంది. రాత్రిపూట షట్టరుకు తాళం. తాళం చెవి బాబాయి దగ్గర.

సోమవారం

ముందు నకలు. ‘ఆల్ ప్రోగ్రామ్స్’ మీద రైట్ క్లిక్ చేస్తే ‘ఓపెన్’, ‘ఓపెన్ ఆల్ యూజర్స్’ అని రెండు వస్తాయి. మెనూ నిజానికి రెండు ఫోల్డర్ల కలయిక. ఆ మిషను వాడేవాళ్లందరికీ కనిపించేది సీ డ్రైవులో ప్రోగ్రామ్‌డేటా కింద మైక్రోసాఫ్ట్, విండోస్, స్టార్ట్ మెనూ, ప్రోగ్రామ్స్ అనే వరుసలో ఉంటుంది. లాగిన్ అయినవారికి మాత్రమే కనిపించేది వారి పేరున్న ఫోల్డరులో యాప్‌డేటా, రోమింగ్ కింద అదే వరుసలో ఉంటుంది. ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా రెండూ హిడెన్ ఫోల్డర్లు, మామూలుగా వెతికితే దొరకవు. రెండు ప్రోగ్రామ్స్ ఫోల్డర్లనూ యథాతథంగా డీ డ్రైవులోకి కాపీ చేశాను. షార్ట్‌కట్ అంటే అసలు ప్రోగ్రాము ఎక్కడుందో చెప్పే చిన్న ఫైలు మాత్రమే కనుక మొత్తం కలిపినా బరువు లేదు.

తరువాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైళ్ల జాబితా ఇచ్చే డిఐఆర్ కమాండుతో రెండు చోట్లా ఉన్న ఎల్ఎన్‌కే ఫైళ్లన్నిటి (అంటే షార్ట్‌కట్ల) పేర్లూ ఒక టెక్స్ట్ ఫైలులోకి తీశాను. తెర మీద చూపిస్తే ఎవరూ చదవరు. లేజరు ప్రింటరులో వేసి అక్క చేతికిచ్చాను. ప్రూఫులు దిద్దే ఎర్ర పెన్నే తీసుకుంది. వాడేవాటికి టిక్కు, అక్కర్లేని వాటి మీద గీత కొట్టి అంచున ప్రూఫు దిద్దేవాళ్లు పెట్టే తొలగింపు గుర్తు, తెలియని వాటికి ప్రశ్నార్థకం. మధ్యాహ్నానికి కాగితాలు వెనక్కి వచ్చాయి. ఎరుపు తప్ప తెలుపు కనబడని పేజీలు కూడా ఉన్నాయి. టిక్కులు పదికి అటూఇటూ.

ఒక షార్ట్‌కట్ దగ్గర మాత్రం ప్రశ్నార్థకం పక్కన “దీన్ని కదపకు” అని రాసి ఉంది. పాత ఫాంటు ఫైళ్లను ఇంకో ఫాంటులోకి మార్చే చిన్న కన్వర్టరు అది. ఎవరు ఎక్కించారో తెలియదు, ఎప్పుడు అవసరం పడుతుందో తెలియదు, కానీ ఏదో ఒక రోజు ఒక ముసలాయన ఫ్లాపీ పట్టుకుని వస్తాడు. ఒప్పుకున్నాను.

మంగళవారం

ఏదీ తొలగించలేదు. అక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఆవిడ పని చూశాను.

పేజ్‌మేకర్ తెరవాలి. స్టార్ట్ నొక్కింది. ‘ఆల్ ప్రోగ్రామ్స్’ నొక్కింది. మౌసు చక్రాన్ని చూపుడు వేలితో రెండుసార్లు గట్టిగా తోసింది. జాబితా జారి ఆగింది. ఆగిన చోట అడోబీ ఫోల్డరు కర్సరు కిందికే వచ్చింది. నొక్కింది, లోపలి పేజ్‌మేకర్ ఫోల్డరు నొక్కింది, వరుసలో మొదటి ఐకాన్ నొక్కింది. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆవిడ కళ్లు పక్కనున్న రాతప్రతి మీదే ఉన్నాయి.

“పేరు చదవవా అక్కా?”

“ఎందుకు చదవడం? చక్రం ఎక్కడ ఆగుతుందో చేతికి తెలుసు.”

మెనూ సర్దేవాళ్లు ముందు చూడవలసింది ఇదే అనిపించింది. చెత్త తీసేస్తే జాబితా పొట్టిదవుతుంది. పొట్టిదైతే ఆ రెండు తోపులకు ఆగే చోటు మారిపోతుంది. నేను మంచి పని చేశాననుకుంటాను, ఆవిడకు మాత్రం రేపటి నుంచి ప్రతిదీ వెతుక్కునే పని. బయటివాళ్ల కంటికి గందరగోళంగా కనిపించే మెనూ రోజూ వాడే మనిషి చేతికి కంఠస్థం అయి ఉండవచ్చు.

అందుకని తొలగించడం కంటే ముందు రోజువారీ వాటికి కదలని చోటు చూపించాలి. విండోస్ 7లో ఏ షార్ట్‌కట్ మీదైనా రైట్ క్లిక్ చేసి ‘పిన్ టు స్టార్ట్ మెనూ’ అంటే అది స్టార్ట్ నొక్కగానే ఎడమవైపు పైన కనిపిస్తుంది. సన్నని గీతకు పైన పిన్ చేసినవి, కింద ఈమధ్య వాడినవి. నాలుగు పిన్ చేశాం. మొదట అను స్క్రిప్ట్ మేనేజర్, ఎందుకంటే అది నడుస్తుంటేనే పేజ్‌మేకర్‌లో తెలుగు కీబోర్డు పలుకుతుంది. రెండోది పేజ్‌మేకర్. తరువాత కోరల్‌డ్రా, ఫొటోషాప్. ఈమధ్య వాడినవి అనే భాగం రోజుకో రూపంలో మారుతూ కన్ను చెదరగొడుతుంది కనుక స్టార్ట్ మెనూ ప్రాపర్టీస్‌లో కస్టమైజ్‌లోకి వెళ్లి ఆ సంఖ్యను సున్నా చేశాను. మామూలుగా అది పది.

ఈ నాలుగింటితోనే వారం నడపమని, ‘ఆల్ ప్రోగ్రామ్స్’లోకి వెళ్లవలసి వస్తే ఎందుకు వెళ్లావో కాగితం మీద రాసి పెట్టమని అక్కకు చెప్పాను. సాయంత్రానికి కాగితం మీద ఉన్నవి స్కానరు, కాలిక్యులేటరు, జాతకం.

బుధవారం

తొలగింపులు మొదలు. డేటా కార్డు ఫోల్డరు తీసేశాను. మెనూ తెరిచి చూస్తే అక్కడే ఉంది. లోపల అన్నీ పోయాయి, ఒక్క ‘వెబ్‌సైట్’ షార్ట్‌కట్ మిగిలింది. కారణం మొన్న చెప్పిన రెండు ఫోల్డర్లే. రెండు చోట్లా ఒకే పేరున్న ఫోల్డరు ఉంటే మెనూ వాటిని కలిపి ఒకటిగా చూపిస్తుంది. ఆల్ యూజర్స్ వైపు తీసేస్తే సగమే పోతుంది. రెండో సగం లాగిన్ పేరు కింద దాక్కుని ఉంటుంది. ‘తీసేసినా మళ్లీ వస్తోంది’ అని జనం చెప్పేవాటిలో చాలావరకు ఇదే అయి ఉంటుంది. ఆల్ యూజర్స్ వైపు ముట్టుకున్నప్పుడల్లా అడ్మినిస్ట్రేటరు అనుమతి అడుగుతుంది, ‘కంటిన్యూ’ అనాలి.

షార్ట్‌కట్ తీసేయడం వేరు, సాఫ్ట్‌వేర్ తీసేయడం వేరు. వద్దన్న సాఫ్ట్‌వేర్‌ను మెనూలో నుంచి కాదు, కంట్రోల్ ప్యానెల్‌లోని ‘ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్’ నుంచి తీసేశాను. ముందు మెనూలో చెయ్యి పెట్టి షార్ట్‌కట్లను అటూఇటూ మారిస్తే, తరువాత అన్‌ఇన్‌స్టాలర్ వాటిని పాత చోటే వెతుక్కుని దొరక్క వదిలేసి పోతుంది. దిక్కులేని షార్ట్‌కట్లు అలా పుడతాయి. యాంటీవైరస్ ట్రయల్, ఫోను సాఫ్ట్‌వేర్లు, పీడీఎఫ్ రీడర్లలో రెండు, కారు పందేలు వెళ్లాయి. ఆట పోయిందని తెలిస్తే సెలవుల్లో గొడవ జరుగుతుంది, అది బాబాయి చూసుకుంటాడు.

ఒక పాత ఎన్‌సైక్లోపీడియా షార్ట్‌కట్ మాత్రం మొండికేసింది. నొక్కితే ప్రోగ్రాము తెరుచుకోదు, ఏదో ఇన్‌స్టాల్ చేస్తున్నట్టు చిన్న పెట్టె వచ్చి, కాసేపటికి సీడీ పెట్టమంటుంది. ప్రాపర్టీస్‌లో చూస్తే ‘టార్గెట్’ గడి బూడిద రంగులో ఉంది, దిద్దడానికి వీల్లేదు. ఇది మామూలు షార్ట్‌కట్ కాదు, విండోస్ ఇన్‌స్టాలర్ పెట్టే రకం. నొక్కినప్పుడు నేరుగా ప్రోగ్రాము దగ్గరికి వెళ్లకుండా ముందు ఇన్‌స్టాలర్‌ను అడుగుతుంది. ఏదైనా ఫైలు లోపించిందని తేలితే ఇన్‌స్టాలర్ బాగుచేయబోతుంది, బాగుచేయడానికి అసలు సీడీ కావాలి. సీ డ్రైవు నిండినప్పుడు ఎవరో ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి ఆ ఫోల్డరును చేత్తో డిలీట్ చేసి ఉంటారు. సీడీ ఎక్కడుందని ఎవరినీ అడగలేదు. షార్ట్‌కట్‌ను డీ డ్రైవులో ‘పక్కన పెట్టినవి’ అనే ఫోల్డరులోకి మార్చి ముందుకు సాగాను.

ముట్టుకోనివి మూడు: యాక్సెసరీస్, మెయింటెనెన్స్, స్టార్టప్. స్టార్టప్ ఫోల్డరు లోపల మాత్రం చూశాను, అది చూడదగ్గ చోటు. అందులో ఉన్నవి లాగిన్ కాగానే వాటంతట అవే నడుస్తాయి. ఇప్పుడు లేని ప్రింటరు తాలూకు స్టేటస్ కిటికీ ఒకటి రోజూ పొద్దున్నే నడుస్తోంది. దాన్ని తీసి పక్కన పెట్టాను.

గురువారం

మాయమయ్యే ఐకాన్ల సంగతి.

ముందు ఏవి పోతున్నాయో, ఏవి పోవడం లేదో అక్కను అడిగాను. పేజ్‌మేకర్ ఐకాన్ ఎప్పుడూ పోలేదు. రీసైకిల్ బిన్ పోలేదు. పోయేవి ‘పత్రికలు’, ‘ఫ్లెక్సీలు’, ‘ఫొటోలు వచ్చినవి’, ‘ప్రూఫుకు’ లాంటివి. అన్నీ రెండో మిషనులో షేర్ చేసిన ఫోల్డర్లకు షార్ట్‌కట్లు. అంటే దొంగకు ఒక రుచి ఉంది.

రెండో మిషను నడిపే అబ్బాయి ఆలస్యంగా వస్తాడు. అక్క తొమ్మిదికే వచ్చి మొదటి మిషను వేస్తుంది. ఆ మధ్య కాలమంతా రెండో మిషను ఆపేసి ఉంటుంది. అప్పుడు ఈ షార్ట్‌కట్లు చూపించే ఫోల్డర్లు మొదటి మిషనుకు కనబడవు. దాని లెక్కలో అవి తెగిపోయిన షార్ట్‌కట్లు.

విండోస్ 7లో వారానికోసారి తనంతట తాను నడిచే ‘సిస్టమ్ మెయింటెనెన్స్’ ఒకటి ఉంది. అది చేసే పనుల్లో డెస్క్‌టాప్ శుభ్రం చేయడం కూడా ఒకటి. తెగిపోయిన షార్ట్‌కట్లు నాలుగు దాకా ఉంటే ఊరుకుంటుంది, నాలుగు దాటితే అన్నిటినీ తీసేస్తుంది. ఫైలు నిజంగా పోయిందా, పక్క మిషను కాసేపు నిద్రపోతోందా అన్న తేడా దానికి లేదు. మైక్రోసాఫ్ట్ కూడా ఇది ఇలాగే పనిచేస్తుందని రాసి పెట్టింది. దానిలో ఇంకో నియమం కూడా ఉంది. మూడు నెలలు వాడని ఐకాన్లు ఇరవై దాకా పోగైతే వాటినీ తీసేస్తుంది.

నమ్మకం కుదరాలంటే కళ్లతో చూడాలి. మధ్యాహ్నం భోజనాల వేళ రెండో మిషను ఆపించాను. మొదటి మిషను డెస్క్‌టాప్ మీద షేర్డ్ ఫోల్డర్ల షార్ట్‌కట్లు ఆరు ఉన్నాయి. కంట్రోల్ ప్యానెల్‌లో ‘ట్రబుల్‌షూటింగ్’ తెరిచి ‘రన్ మెయింటెనెన్స్ టాస్క్స్’ నొక్కాను. పచ్చ పట్టీ కాసేపు కదిలింది. తెగిన షార్ట్‌కట్లు దొరికాయని, సరిచేశానని చెప్పింది. డెస్క్‌టాప్ మీద ఆరు జాగాలు ఖాళీ. వెనక్కి తెచ్చి ఈసారి నాలుగే ఉంచి మళ్లీ నడిపాను. నాలుగూ అక్కడే ఉన్నాయి.

అక్క టిఫిను డబ్బా మూత పెడుతూ చూసింది. “అయితే మనిషి కాదన్నమాట” అంది. కాస్త నిరాశపడినట్టు కూడా అనిపించింది.

అదే ‘ట్రబుల్‌షూటింగ్’లో ‘వ్యూ హిస్టరీ’ నొక్కితే ఇంతకు ముందు ఎప్పుడెప్పుడు నడిచిందో తారీఖులతో ఉంటుంది. ఐకాన్లు పోయాయని అక్క గుర్తుచేసుకున్న రోజులు అందులో ఉన్నాయి.

ఇప్పుడు మందు. ‘ఛేంజ్ సెట్టింగ్స్’లో కంప్యూటర్ మెయింటెనెన్స్‌ను ఆపేయవచ్చు. బాబాయి అదే చేయమన్నాడు. నేను ఆపలేదు. అది డిస్కులో లోపాలు కూడా చూస్తుంది, ఈ మిషను హార్డ్‌డిస్కు వయసుకు ఆ చూపు అవసరం. గడియారం సరిచేయడం కూడా దాని పనే కానీ, ఇక్కడ ఇంటర్నెట్ లేదు కనుక ఆ సాయం ఎలాగూ అందదు. దాని చీపురు డెస్క్‌టాప్ దాకానే వస్తుంది, స్టార్ట్ మెనూలోకి రాదు. కాబట్టి షేర్డ్ ఫోల్డర్ల షార్ట్‌కట్లన్నిటికీ మెనూలోనే ఒక ఇల్లు కడితే సరిపోతుంది. రెండు సమస్యలూ ఒకచోట కలిశాయి.

శుక్రవారం

మెనూ కొత్త అమరిక. ఇక్కడ బాబాయికీ నాకూ కాస్త వాదన జరిగింది.

మెనూలో ఉన్న ఫోల్డర్ల పేర్లన్నీ కంపెనీల పేర్లు. పేజ్‌మేకర్ కావాలంటే అడోబీ అని గుర్తుండాలి, స్కానరు కావాలంటే దాన్ని తయారుచేసిన కంపెనీ గుర్తుండాలి. సెంటరులో ఎవరూ ‘అడోబీ తెరువు’ అనరు. ‘కంపోజింగ్ తెరువు’ అంటారు, ‘ఫ్లెక్సీ చూడు’ అంటారు. కనుక ఫోల్డర్లు పని పేరుతో ఉండాలని నా పట్టు.

“ఒరే, కోరల్‌డ్రాలో కార్డులూ చేస్తాం, ఫ్లెక్సీలూ చేస్తాం. ఏ ఫోల్డరులో పెడతావు?” అన్నాడు బాబాయి.

“రెండింటిలోనూ పెడతాను బాబాయ్.”

“రెండుసార్లు ఎక్కిస్తావా?”

సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉంటుంది, షార్ట్‌కట్ దారి చూపించే ఫైలు మాత్రమే, రెండు చోట్ల పెట్టినా మిషనుకు భారం కాదని చెప్పాను. కంపెనీ పేరుతో సర్దితే ఒక వస్తువుకు ఒకే చోటు దొరుకుతుంది. పని పేరుతో సర్దితే ఒకటి రెండు మూడు చోట్ల ఉండక తప్పదు. అది చిందరవందర కాదు, పని అలా ఉంటుంది. ఫొటోషాప్ మూడు చోట్ల పెట్టాను.

ఫోల్డర్ల పేర్లు తెలుగులోనే, ముందు అంకెతో: 1 కంపోజింగ్, 2 కార్డులు, 3 ఫ్లెక్సీలు, 4 ఫొటోలు, 5 స్కాన్, ప్రింటు, 6 జాతకం, 7 పనుల ఫోల్డర్లు. అంకె ఎందుకంటే మెనూ పేరు క్రమంలో సర్దుకుంటుంది, అంకెలు ఇంగ్లిషు అక్షరాల కంటే ముందు వస్తాయి. తెలుగు పేర్లు అంకె లేకుండా పెడితే ఇంగ్లిషు ఫోల్డర్లన్నీ దాటి అడుగున తేలుతాయి. పేరు క్రమం ఎంపికను ఆపేసి చేత్తో లాగి పెట్టుకోవచ్చు కానీ, ఆ క్రమం విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో ఒక్కొక్కరి లాగిన్‌కు విడిగా రాసి ఉంటుంది. అబ్బాయి లాగిన్ అయితే అతనికి వేరే క్రమం కనిపిస్తుంది. అంకె అయితే అందరికీ ఒకటే.

పేర్లు అక్కే టైపు చేస్తానంది. అను ఫాంట్లలో తెలుగు బొమ్మలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి కనుక అలా టైపు చేసిన పేరు ఫోల్డరు మీద అర్థం లేని ఇంగ్లిషు గుర్తులుగా కనిపిస్తుంది. ఫోల్డరు పేరుకు యూనికోడ్ కావాలి. రెండో మిషనులో టైపు చేసి టెక్స్ట్ ఫైలులో ఇటు తెచ్చి అతికించాం. విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంటు ఉంది కనుక మెనూలో ఒత్తులతో సహా చక్కగా వచ్చాయి.

లోపలి షార్ట్‌కట్ల పేర్లు మాత్రం ఇంగ్లిషులోనే వదిలాను. స్టార్ట్ నొక్కి పేరులో రెండు మూడు అక్షరాలు కొడితే వెతికి పెట్టే సౌకర్యం షార్ట్‌కట్ పేరును చూస్తుంది. అబ్బాయి అలాగే తెరుస్తాడు, మౌసు ముట్టుకోడు. పేర్లు తెలుగులోకి మారిస్తే అతని దారి మూసుకుపోతుంది. ఫోల్డరు అక్కకు, పేరు అబ్బాయికి.

కంపెనీల పాత ఫోల్డర్లను డిలీట్ చేయలేదు. కావలసిన షార్ట్‌కట్లను కొత్త ఫోల్డర్లలోకి కాపీ చేసి, పాత ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో ‘హిడెన్’ గడిలో టిక్కు పెట్టాను. ఫోల్డర్లనూ డెస్క్‌టాప్‌నూ చూపించే ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఫైళ్లు చూపించే ఎంపికను కూడా ఆపేశాక అవి మెనూలో కనబడడం మానేశాయి. డిలీట్ చేస్తే ఆ సాఫ్ట్‌వేర్‌ను రిపేరు చేసినప్పుడు ఇన్‌స్టాలర్ ఆ ఫోల్డరును మళ్లీ పుట్టిస్తుంది, తోకతో సహా. దాచిన ఫోల్డరు ఉంటే అందులోనే రాసుకుని పోతుంది. తరువాత ఎప్పుడైనా తీసేయాలన్నా అన్‌ఇన్‌స్టాలర్‌కు తన సామాను పాత చోటే దొరుకుతుంది. ఈ పద్ధతి మీద నాకు ఇష్టం ఎక్కువ.

జాతకం ఫోల్డరులో ఇప్పుడు ఒకే షార్ట్‌కట్ ఉంది. దాని కింద ఏమీ లేదు.

శనివారం

పొద్దున్నే ఫోను. ఐకాన్లు తెల్లబడ్డాయట. వెళ్లి చూస్తే కొన్ని షార్ట్‌కట్లకు బొమ్మ పోయి తెల్ల కాగితం గుర్తు వచ్చింది. నొక్కితే మాత్రం తెరుచుకుంటున్నాయి. విండోస్ ఐకాన్ల బొమ్మలను ప్రతిసారీ అసలు ప్రోగ్రాము నుంచి తీయకుండా ఒక ఫైలులో దాచుకుంటుంది. ఇన్ని షార్ట్‌కట్లు ఒక్కసారిగా చోటు మారేసరికి ఆ దాపు పాడైంది. యాప్‌డేటా, లోకల్ కింద ఉండే ఐకాన్‌క్యాష్ అనే ఫైలును తీసేస్తే మళ్లీ తాజాగా తయారుచేసుకుంటుంది. అయితే ఎక్స్‌ప్లోరర్ నడుస్తుండగా తీసేస్తే, అది మూసుకునేటప్పుడు పాతదాన్నే మళ్లీ రాస్తుంది. ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఉంచుకుని, టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను ఆపి, ప్రాంప్ట్ నుంచి ఫైలు తీసేసి, మిషను రీస్టార్ట్ చేశాను. బొమ్మలు వచ్చాయి.

పనిలో పనిగా కొత్త మెనూ జాబితాను మళ్లీ డిఐఆర్‌తో తీశాను, రికార్డు కోసం. ఫైలు తెరిస్తే తెలుగు పేర్ల చోట ప్రశ్నార్థకాల వరుస. కమాండ్ ప్రాంప్ట్ మామూలుగా ఫైలులోకి రాసేటప్పుడు యూనికోడ్‌లో రాయదు. ‘సీఎండీ’ని ‘యూ’ స్విచ్‌తో తెరిచి అదే కమాండు ఇస్తే పేర్లు సరిగ్గా వచ్చాయి. మొదటి జాబితా నాలుగు కాగితాలు, ఇది ముప్పావు కాగితం. రెండింటినీ కలిపి పిన్ను కొట్టి మిషను వారంటీ కాగితాల కవరులో పెట్టాను.

మధ్యాహ్నం ఒకాయన గృహప్రవేశం పత్రిక కావాలని వచ్చాడు, శ్రావణానికి ముందే అచ్చు వేయించి పెట్టుకుంటాడట. కొత్త మెనూకు మొదటి పరీక్ష. అక్క స్టార్ట్ నొక్కింది. చెయ్యి అలవాటుగా ‘ఆల్ ప్రోగ్రామ్స్’ వైపు కదిలి, మధ్యలో ఆగి, పైనున్న పిన్ మీదికి వెళ్లింది. వినాయకుడి బొమ్మ కోసం ‘7 పనుల ఫోల్డర్లు’ తెరిచింది, ఆ రోజు రెండో మిషను నడుస్తోంది కనుక వెంటనే వచ్చింది. రెండో మిషను ఆపి ఉన్నప్పుడు ఆ ఫోల్డరు తెరిస్తే మెనూ కాసేపు తడబడుతోంది, దారి వెతుక్కుంటుంది మరి. దానికి మందు నా దగ్గర లేదు. అబ్బాయి తొందరగా రావడం ఒక్కటే.

బాబాయి వెనక నుంచి చూసి, ఇదే ఊపులో పేజ్‌మేకర్‌లోని ఫాంట్ల జాబితా కూడా సర్దమన్నాడు. అది వేరే కథ. విండోస్ 7లో ఫాంటును దాచిపెట్టే ఎంపిక ఉంది కానీ పాత సాఫ్ట్‌వేర్లు దాన్ని పట్టించుకోవు. ఫాంటును నిజంగా తీసేస్తే, పదేళ్ల కిందటి పుస్తకం ఫైలు తెరిచినప్పుడు ఆ ఫాంటు లేదని అడుగుతుంది. ఏ పుస్తకంలో ఏ ఫాంటు ఉందో ముందు పట్టిక రాయాలి. ఈ ఆషాఢానికి కాదని చెప్పాను.

సోమవారం

వారం కిందట ఇచ్చిన కాగితం అక్క తిరిగి ఇచ్చింది. ‘ఆల్ ప్రోగ్రామ్స్’లోకి వెళ్లిన కారణాల్లో కాలిక్యులేటరే ఎక్కువ. ఫ్లెక్సీ చదరపు అడుగుల లెక్క కోసం. దాన్ని అయిదో పిన్‌గా పెట్టాను. జాబితాలో అక్క కదపవద్దన్న కన్వర్టరు ‘1 కంపోజింగ్’లో అడుగున ఉంది.

‘పక్కన పెట్టినవి’ ఫోల్డరును దసరా దాకా డీ డ్రైవులో ఉంచుతాను. అప్పటికీ ఎవరూ అందులోది అడగకపోతే తీసేయవచ్చు.

మిగిలింది రెండో మిషను. అది 64 బిట్, సాఫ్ట్‌వేర్లు ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 అనే వేరే ఫోల్డరులో కూర్చుని ఉన్నాయి కనుక ఇక్కడి షార్ట్‌కట్లు పెన్‌డ్రైవులో పట్టుకెళ్తే పనిచేయవు, అక్కడే కొత్తగా చేయాలి. ఫోల్డర్ల పేర్లు మాత్రం ఇవే ఉంటాయి. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చుంటారు. అందులో పేజ్‌మేకర్ లేదు, అదే పని చేసే ఇన్‌డిజైన్ ఉంది, అది ‘1 కంపోజింగ్’లోకి వెళ్తుంది. అబ్బాయికి జాబితా ప్రింటు తీసి ఇచ్చాను. ఎర్ర పెన్ను అక్క దగ్గర అడిగి తీసుకోమన్నాను.